రెండో ‘టక్‌’ వినబడిందా?

స్టట్‌గార్ట్‌ రైల్వేస్టేషన్‌ బయట లేత దంతపు రంగు టాక్సీలు వరసగా నిలబడి ఉంటాయి. ఊరికి కొత్తగా వచ్చినవాళ్లు వెనక సీట్లో కూర్చుని, ఖరీదైన కారు కదా అని తలుపును మెల్లగా దగ్గరికి లాగుతారు. ‘టక్‌’మని చిన్న చప్పుడు. తలుపు పడినట్టే ఉంటుంది. కానీ బండి కదలదు. డ్రైవర్‌ ముందు ఎర్రగా ఓ చిన్న కారు బొమ్మ వెలుగుతుంటుంది. ఆ బొమ్మకు ఒకవైపు తలుపు తెరిచి ఉంటుంది. మళ్లీ తెరిచి కాస్త గట్టిగా లాగితే ఇంకో ‘టక్‌’. ఎర్ర దీపం ఆరిపోతుంది. అప్పుడే ప్రయాణం మొదలు!

ఆ రెండు చప్పుళ్లూ మన ఊళ్లో కార్లకూ ఉన్నవే. రోజూ వింటాం, పట్టించుకోం. కానీ పక్క నుంచి మరో బండి వచ్చి గుద్దినప్పుడు లోపలున్న నలుగురూ సీట్లలోనే ఉంటారా, రోడ్డు మీద పడతారా అన్నది చాలావరకు ఆ రెండో ‘టక్‌’ మీదే ఆధారపడి ఉంటుంది. అరచేతిలో ఇమిడే ఆ గడియ కథ తెలుసుకోవాలంటే వెళ్లాల్సిన ఊళ్లలో స్టట్‌గార్ట్‌ ఒకటి.

గుర్రాల ఊరు

జర్మనీకి నైరుతి దిక్కున ఉన్న బాడెన్‌-వుర్టెంబర్గ్‌ రాష్ట్రానికి రాజధాని స్టట్‌గార్ట్‌. చుట్టూ కొండలు, మధ్యలో గిన్నెలాంటి లోయ, పక్కనే నెకార్‌ నది. కొండవాలు మీది ద్రాక్షతోటలు దిగి దిగి నగరంలోకే వచ్చేస్తాయి. ఒకప్పుడు ఇక్కడ గుర్రాలను పెంచేవారట. ఆడ గుర్రాల తోట అనే అర్థమున్న మాటే వాడుకలో స్టట్‌గార్ట్‌ అయింది. నగర చిహ్నంలో ఇప్పటికీ గుర్రం ఉంటుంది. గుర్రాన్ని మానిపించి ఇంజిన్ని ఎక్కించిన ఊరు కూడా ఇదే కావడం తమాషా!

నదికి ఆవలి ఒడ్డున ఉన్న కాన్‌స్టాట్‌లో 1882లో గాట్లీబ్‌ డైమ్లర్‌ ఓ ఇల్లు కొన్నాడు. పెరట్లోని అద్దాల గదిని పెంచి, కార్ఖానాగా మార్చుకున్నాడు. విల్‌హెల్మ్‌ మేబాక్‌తో కలిసి రాత్రీపగలూ తలుపులేసుకుని ఏదో పనిచేస్తుండటంతో తోటమాలికి అనుమానం వచ్చింది. దొంగ నాణేలు చేస్తున్నారనుకుని పోలీసులకు చెప్పేశాడు. వాళ్లొచ్చి చూస్తే... లోపల ఉన్నవి ఇంజిన్‌ భాగాలు! ఆ చిన్న గది ఇప్పుడు స్మారక భవనం. చుట్టూ పార్కు.

అక్కడికి దగ్గర్లోనే ఉంటుంది మెర్సిడెస్‌-బెంజ్‌ మ్యూజియం. 2006 మేలో తెరిచారు. నెదర్లాండ్స్‌కు చెందిన యూఎన్‌ స్టూడియో దీన్ని రూపొందించింది. తొమ్మిది అంతస్తులు, 160 వాహనాలు. మన శరీరంలోని డీఎన్‌ఏ మెలికల్ని చూసి గీసిన నమూనా కావడంతో లోపల రెండు దారులు ఒకదాన్నొకటి చుట్టుకుంటూ కిందికి దిగుతాయి. లిఫ్టులో నేరుగా పై అంతస్తుకి తీసుకెళ్తారు. తలుపు తెరుచుకోగానే ఎదురయ్యేది ఓ తెల్ల గుర్రం బొమ్మ. అక్కడి నుంచి చుట్టూ తిరుగుతూ కిందికి దిగుతుంటే ఏళ్లు గడుస్తుంటాయి.

తలుపు లేని కారు

పై అంతస్తులోనే 1886 నాటి వాహనాలుంటాయి. వాటిలో కార్ల్‌ బెంజ్‌ మూడు చక్రాల బండి ముందు అందరూ ఆగుతారు. ఇంజిన్ని చూస్తారు, చక్రాలను చూస్తారు. లేనిదాన్ని మాత్రం గమనించరు. ఆ బండికి తలుపే లేదు! గంటకు 16 కిలోమీటర్ల వేగంతో, నిటారుగా కూర్చుని, గాలి పీలుస్తూ వెళ్లే బండికి తలుపెందుకు?

తర్వాత్తర్వాత వానకీ చలికీ దుమ్ముకీ భయపడి కార్లకు గోడలు కట్టారు. గోడలున్నాక తలుపులు పెట్టక తప్పలేదు. తలుపు ఊగకుండా గడియ బిగించారు. ఆ గడియ కూడా ఇంటి తలుపు గడియ లాంటిదే. తలుపు అంచు నుంచి బయటికొచ్చే ఓ నాలుక, స్తంభంలో దానికో గాడి. గాలికి తెరుచుకోకుండా, దొంగ రాకుండా ఉంటే చాలనుకున్నారు.

ఇంటికీ కారుకీ ఓ పెద్ద తేడా ఉంది. ఇల్లు కదలదు. ప్రమాదంలో కారు సాగుతుంది, మెలి తిరుగుతుంది. అలా మెలి తిరిగినప్పుడు తలుపు అంచుకీ స్తంభానికీ మధ్య ఉన్న సందు కాస్త పెరుగుతుంది. అంతే! గాడిలోంచి నాలుక జారిపోతుంది. గడియ విరగక్కర్లేదు, తాళం చెడక్కర్లేదు. తలుపు దానంతటదే బార్లా తెరుచుకుంటుంది. లోపలున్న మనిషి ఆ దారిన బయటికి విసిరేసినట్టు వెళ్లిపోతాడు.

‘బయటపడితే బతుకుతాం’

ఇక్కడ ఓసారి అట్లాంటిక్‌ దాటి అమెరికా వెళ్లాలి. ఎందుకంటే తలుపు తెరుచుకోవడం ఎంత ప్రమాదమో లెక్కలు కట్టి చెప్పింది అక్కడే. అప్పటిదాకా చాలామందిది ఒకటే నమ్మకం... ‘ప్రమాదంలో కారులో ఇరుక్కుంటే చస్తాం, బయటికి ఎగిరిపడితే బతుకుతాం’ అని. మన దగ్గరా ఈ మాట అనేవాళ్లు ఇప్పటికీ ఉన్నారు.

హ్యూ డిహేవెన్‌ 1917లో విమానం నడపడం నేర్చుకుంటూ కూలిపోయి, చావు తప్పించుకున్నాడు. తనెలా బతికాననే ప్రశ్న ఆయన్ని జీవితమంతా వదల్లేదు. రెండో ప్రపంచ యుద్ధ కాలంలో కార్నెల్‌ విశ్వవిద్యాలయంలో ప్రమాద గాయాల మీద పరిశోధన మొదలుపెట్టాడు. 1950ల్లో ఆ బృందం కార్ల వైపు తిరిగింది. పోలీసులు, ఆసుపత్రుల నుంచి ప్రమాదాల వివరాలను తెప్పించి, ఒక్కో గాయం కారులోని ఏ భాగం వల్ల అయిందో రాసుకున్నారు. చివరికి తేలిందేమిటి? తలుపు తెరుచుకుని బయటపడినవాళ్లకే ప్రాణాపాయం ఎక్కువ! రోడ్డుకి, కరెంటు స్తంభానికి, ఒక్కోసారి పల్టీ కొడుతున్న సొంత కారుకే బలయ్యేవాళ్లు.

దాంతో 1956 మోడల్‌ కార్లకు ఫోర్డ్‌తో పాటు అమెరికాలోని పెద్ద కంపెనీలు గట్టి గడియలు పెట్టాయి. నాలుక పొడవునా జారిపోకుండా పట్టుకునే ఏర్పాటు వాటిలో ఉంది. 1968 జనవరి 1 నుంచి తలుపు గడియలు, కీళ్లు ఎంత బలంగా ఉండాలో అక్కడ చట్టమే చెప్పింది.

కొబ్బరికాయ కిటుకు

మళ్లీ స్టట్‌గార్ట్‌కి వద్దాం. మ్యూజియంలో చుట్లు తిరుగుతూ దిగుతుంటే ఐదో గది వస్తుంది. భద్రత, పర్యావరణమే అక్కడి విషయం. ఈ గదికి వచ్చేసరికి ఓ పేరు తెలుసుకుని ఉండాలి... బేలా బారెన్యీ.

వియన్నా దగ్గరి హిర్టెన్‌బర్గ్‌లో 1907లో పుట్టిన ఈ ఇంజినీరు 1939లో డైమ్లర్‌-బెంజ్‌లో చేరాడు. పేరు మీద 2,500కు పైగా పేటెంట్లు! కారంతా ఇనుప దిమ్మెలా గట్టిగా ఉంటేనే క్షేమం అని అంతా అనుకుంటున్న రోజుల్లో ఆయన అడ్డం తిరిగాడు. ముందూ వెనకా నలిగిపోవాలి, మధ్యలో మనుషులుండే గది మాత్రం చెక్కుచెదరకూడదు అన్నాడు. కొబ్బరికాయను చూస్తే ఈ సంగతి ఇట్టే అర్థమవుతుంది. చెట్టు మీంచి పడినప్పుడు దెబ్బంతా పీచు తింటుంది. లోపలి చిప్ప కాయను కాపాడుతుంది. 1951లో పేటెంటుకి దరఖాస్తు చేసిన ఆ ఆలోచన, 1959లో వెనక తోకరెక్కలతో వచ్చిన మెర్సిడెస్‌ కారులో నిజమైంది.

అదే కారుకి మరో కొత్తదనం ఉంది. ఫొటోల్లో కనబడదు, తలుపు తెరిస్తే గానీ తెలియదు. గడియ! డైమ్లర్‌-బెంజ్‌ భద్రమైన తలుపు గడియ మీద 1949లోనే పేటెంటు దారి పట్టింది. 1959 కారులో పెట్టినదానికి చీలలాంటి ఓ ముక్క, రెండు మెట్ల పట్టు ఉన్నాయి. దాని పని రెండు విధాలు. ఢీకొన్నప్పుడు తలుపు తెరుచుకోకూడదు. ఢీకొన్నాక బిగుసుకుపోనూ కూడదు.

వినడానికి చిన్న మాటే. కానీ ఇంజినీర్లకు అదే అసలు చిక్కు. తెరుచుకోకుండా చేయాలంటే వెల్డింగ్‌ పెట్టేస్తే సరి. మరి తర్వాత లోపలివాళ్లు బయటికెలా వస్తారు? సెకనులో పదో వంతు సేపు గోడలా నిలబడి, మరుక్షణం నుంచీ మళ్లీ తలుపులా ఉండాలి. అప్పటి నుంచి ఇప్పటిదాకా ఈ రంగంలో జరుగుతున్న పనంతా ఈ రెండు కోరికలనూ ఒకే గడియలో ఇమడ్చడమే.

పక్కన పీచు లేదు!

కొబ్బరికాయకు చుట్టూ పీచు ఉంటుంది. కారుకు ముందు ఇంజిన్‌ ఉన్న చోటు, వెనక డిక్కీ... నలగడానికి జాగా ఉంది. పక్కన? మనిషికీ వచ్చే బండికీ మధ్య ఉన్నది జానెడు మందం తలుపు. అందుకే పక్క నుంచి తగిలే దెబ్బ అంత ప్రమాదకరం.

ఆ జానెడు తలుపు ఒంటరిగా ఏమీ చేయలేదు. ముందు కీళ్లు, వెనక గడియ పట్టుకుని ఉంటేనే తన మీద పడిన బలాన్ని స్తంభాలకు, అక్కడి నుంచి నేలకూ పైకప్పుకూ పంచగలదు. గడియ వదిలేస్తే తలుపు ఊగే రేకు. తలుపులో అడ్డంగా బిగించే ఉక్కు దూలాలు, 1991లో వోల్వో తెచ్చిన పక్క రక్షణ వ్యవస్థ, ఆ తర్వాత వచ్చిన పక్క ఎయిర్‌బ్యాగులు... అన్నీ తలుపు మూసే ఉంటుందన్న నమ్మకం మీద కట్టినవే.

ఇప్పటి గడియ ఎలా పనిచేస్తుందో చూడాలంటే మ్యూజియం కూడా అక్కర్లేదు. ఇంటి ముందున్న కారు తలుపు తెరిస్తే చాలు. స్తంభానికి బిగించిన ఉక్కు కడియం కనబడుతుంది. అది స్ట్రైకర్‌. తలుపు అంచులో పీత కొండెలాంటి ఓ దవడ ఉంటుంది. తలుపు వేసినప్పుడు కడియం దవడను తోస్తుంది. అది తిరిగి కడియాన్ని కరుచుకుంటుంది. వెనక్కి తిరగకుండా ఓ చిన్న కొక్కెం గాట్లో పడుతుంది. మొదటి గాట్లో పడితే మొదటి ‘టక్‌’, రెండో గాట్లో పడితే రెండో ‘టక్‌’. కడియాన్ని పూర్తిగా చుట్టేసి పట్టుకుంటుంది కాబట్టి కారు సాగినా, మెలి తిరిగినా జారిపోదు.

దాని బలమెంతో తెలుసా? పూర్తిగా పడిన గడియను కారు పొడవునా 11,000 న్యూటన్ల బలంతో లాగి చూస్తారు. అంటే దాదాపు 1,120 కిలోల బరువు వేలాడదీసినట్టు! బయటివైపు లాగేటప్పుడు 9,000 న్యూటన్లు. మరి మొదటి ‘టక్‌’ దగ్గరే ఆగిపోతే? అప్పుడు దాని పరీక్ష 4,500 న్యూటన్లకే. సగానికి సగం బలం పోయినట్టే. సగం పడిన తలుపూ మూసినట్టే అనుకోవడం ఎంత తప్పో ఈ లెక్కే చెబుతుంది.

ఇంకో గమ్మత్తు ఉంది. పక్క నుంచి గుద్దినప్పుడు తలుపు ఒక్కసారిగా లోపలికి కదులుతుంది. బయటి హ్యాండిల్‌ మాత్రం ఉన్నచోటే ఉండిపోవాలని చూస్తుంది. బస్సు హఠాత్తుగా కదిలితే నిలబడ్డవాళ్లు వెనక్కి తూలినట్టన్నమాట. ఫలితం? ఎవరూ ముట్టుకోకుండానే హ్యాండిల్‌ని ఎవరో బయటికి లాగినట్టవుతుంది. గడియ తెరుచుకుంటుంది! దీనికి విరుగుడుగా హ్యాండిల్‌ లోపల ఓ చిన్న బరువు పెడతారు. తక్కెడలో రెండో పళ్లెంలా అది హ్యాండిల్‌ బరువును సరితూస్తుంది. కొన్నింటిలో కుదుపు రాగానే అడ్డం పడే ముక్క ఉంటుంది. తాళం వేయకపోయినా, గురుత్వాకర్షణకు 30 రెట్లు ఉండే కుదుపుకు గడియ ఊడకూడదన్నది నియమం.

ఈ బలాలన్నీ ఐక్యరాజ్యసమితి నిబంధనలోనివే. జెనీవాలో 2004 నవంబరులో అది ఆమోదం పొందింది. ప్రపంచమంతటికీ కలిపి రాసిన వాహన నిబంధనల్లో దాని సంఖ్య 1. ఇంజిన్‌ గురించీ కాదు, బ్రేకుల గురించీ కాదు... మొట్టమొదటి నిబంధన తలుపు గడియల గురించి!

పాలరాతి జీబ్రా గీతల ఊళ్లో...

స్టట్‌గార్ట్‌కి నైరుతిలో కాసేపటి ప్రయాణంలో సిండెల్‌ఫింగెన్‌ వస్తుంది. 1915 నుంచి కార్ఖానా ఉన్న ఊరు. ఒకప్పుడు ఆ ఆదాయం ఎంత ఉండేదంటే, రోడ్డు దాటే జీబ్రా గీతలను కూడా ఇటలీ పాలరాతితో వేయించారు.

1959 సెప్టెంబరు 10న ఇక్కడి కార్ఖానా పక్కనున్న ఖాళీ స్థలంలో ఓ కారుని కావాలని తీసుకెళ్లి అడ్డుగోడకు కొట్టారు. మెర్సిడెస్‌ చరిత్రలో అది మొదటి క్రాష్‌ టెస్ట్‌. కారుని లాగడానికి గ్లైడర్లను గాల్లోకి లేపే తాడు యంత్రాన్ని వాడారు. తర్వాత వేడినీటి ఆవిరితో తోసే రాకెట్‌ను కారు వెనక కట్టారు. పల్టీ కొడితే ఏమవుతుందో చూడటానికి మెలి తిరిగిన వాలుబల్ల మీదికి వేగంగా ఎక్కించేవాళ్లు. కారు గాల్లో తిరిగి పైకప్పు మీద పడేది. తలుపులు తెరుచుకున్నాయా? తర్వాత తెరవగలుగుతున్నామా? ఈ రెండు ప్రశ్నలకూ జవాబు దొరికేది అలాంటి చోటే. 1973లో పరీక్షలు పైకప్పు కిందికి మారాయి. 2016లో మరింత పెద్ద భద్రతా కేంద్రం వచ్చింది. అది మ్యూజియంలా టిక్కెట్టు కొని చూసేది కాదు. కానీ అక్కడ నలిగిన కార్ల ఫలితాన్ని మాత్రం రోడ్డు మీద అంతా అనుభవిస్తున్నారు.

మన దేశంలోనూ పక్క నుంచి ఢీకొట్టే పరీక్ష కొత్త మోడళ్లకు 2017 అక్టోబరు నుంచి తప్పనిసరి అయింది. 950 కిలోల బండిని గంటకు 50 కిలోమీటర్ల వేగంతో కారు పక్కకు కొడతారు. కొట్టేటప్పుడు ఒక్క తలుపూ తెరుచుకోకూడదు. కొట్టాక, లోపలివాళ్లు బయటికి రావడానికి సరిపడా తలుపులు ఏ పనిముట్టూ లేకుండా తెరుచుకోవాలి. 1959 నాటి ఆ రెండు కోరికలే! 2023 అక్టోబరు నుంచి అమల్లోకి వచ్చిన భారత్‌ ఎన్‌క్యాప్‌ చుక్కల లెక్కలోనూ పక్క దెబ్బకు చోటుంది.

ఆపద గడిచాక తలుపు తెరవడానికీ కొత్త దారులొచ్చాయి. ఎయిర్‌బ్యాగు తెరుచుకోగానే చాలా కార్లలో తాళాలు వాటంతటవే వీడిపోతాయి. మెర్సిడెస్‌ 2013 నుంచి తన కార్ల పెట్రోలు మూత లోపల, దానికి ఎదురువైపు తలుపు స్తంభం మీద ఓ గుర్తు అతికిస్తోంది. రక్షించడానికి వచ్చినవాళ్లు దాన్ని ఫోనుతో చూస్తే ఆ మోడల్లో ఎక్కడ కోయాలో, ఎక్కడ కోయకూడదో బొమ్మతో సహా తెలిసిపోతుంది.

ఇంటి కారు దగ్గర...

గడియ ఎంత గొప్పదైనా దానికి దొరకాల్సిన కడియం దొరకాలి. చీర చెంగో, చున్నీయో, సంచి పట్టీయో మధ్యలో ఇరుక్కుంటే రెండో ‘టక్‌’ పడకపోవచ్చు. పిల్లలు వెనక తలుపు వేసినప్పుడు పెద్దవాళ్లు ఓసారి చూడాలి. ఎర్ర దీపం వెలుగుతుంటే ‘ఇంటికెళ్లాక చూద్దాంలే’ అనుకోకూడదు. ప్రమాదం తర్వాత డెంటింగ్‌ చేయించిన కారులో తలుపు పైకెత్తి వేయాల్సి వస్తున్నా, కదులుతుంటే గలగలమంటున్నా స్ట్రైకర్‌ స్థానం తప్పిందేమో చూపించాలి. చైల్డ్‌ లాక్‌ వేస్తే లోపలి హ్యాండిల్‌ మాత్రమే పనిచేయదు. తాళం తీసి ఉంటే బయటి నుంచి తెరవొచ్చు. కాబట్టి పిల్లలున్నప్పుడు అది వేయడానికి భయపడక్కర్లేదు. అన్నిటికన్నా ముఖ్యం... తలుపు మూసి ఉన్నా కిటికీ ఉంది. అందుకే సీటు బెల్టు. వెనక సీట్లోనూ!

వెళ్లాలంటే...

ఫ్రాంక్‌ఫర్ట్‌ విమానాశ్రయం నుంచి స్టట్‌గార్ట్‌కి వేగంగా వెళ్లే రైల్లో గంటన్నర లోపే. అక్కడి నుంచి ఎస్‌1 లోకల్‌ రైలెక్కి నెకార్‌పార్క్‌ స్టేషన్లో దిగితే మ్యూజియానికి నడిచి వెళ్లొచ్చు. సోమవారం సెలవు. తీరిగ్గా చూడాలంటే సగం రోజు కావాలి. ఊళ్లో చీజ్‌ వేసి చేసే ‘కేజెష్పెట్స్‌లె’ దొరుకుతుంది. చేత్తో చేసిన లావు సేమ్యాలా ఉంటుంది.

మ్యూజియం నుంచి బయటికొచ్చేటప్పుడు మళ్లీ టాక్సీ ఎక్కేవాళ్లు ఈసారి తలుపును మొహమాటంగా లాగరు. మొదటి ‘టక్‌’... రెండో ‘టక్‌’. ముందు సీట్లో ఎర్ర దీపం ఆరిపోయిందా అని కూడా ఓసారి తొంగిచూస్తారు!